కోటింగు కడిగిన రోజు

నేను మెటీరియల్స్ ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంకా ఉద్యోగంలో ఉండగానే, కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది మా విశ్వవిద్యాలయం నన్ను ఒక మామిడి ప్రాజెక్టుకు ప్రధాన పరిశోధకురాలిగా నియమించింది. వినడానికి పెద్ద హోదాలా ఉంటుంది. పని సరిగ్గా జరిగితే అందరి పేర్లూ వస్తాయి, జరక్కపోతే సంజాయిషీ ప్రధాన పరిశోధకురాలు ఒక్కతే రాసుకోవాలి. అంతకు మించి దానికి అర్థం లేదు.

ప్రాజెక్టులో మూడు విభాగాలున్నాయి. కాయ దూరం వెళ్లేదాకా పండకుండా పైన పల్చటి పొర తయారుచేయడం మా పని. లారీలో కాయల మధ్య వేడి ఎంతుందో, కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో ఫోనుకు పంపే చిన్న పరికరం కంప్యూటర్ సైన్స్ వాళ్లది. ఢిల్లీ మార్కెట్టుకు చేరాక ఎంత కాయ అమ్ముడవుతుంది, ఎంత పారబోస్తారు అన్నది మేనేజ్‌మెంట్ విభాగం చూసుకుంటుంది.

మా పొర చింతపిక్కల పిండి జిగురుతో చేసింది. తినవచ్చు. గట్టిగా కడిగితే పోతుంది. దీని సూత్రం చెప్పడం సులువు. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. ఆ ఊపిరిని కొంచెం తగ్గిస్తే నిదానంగా పండుతుంది. మరీ బిగిస్తే గాలి చాలక లోపల కండ పులిసిపోతుంది. ఈ రెంటికీ మధ్య సందు చాలా ఇరుకు.

ఆ సందు కనిపెట్టింది మా రీసెర్చ్ స్కాలర్ స్రవంతి. భీమవరం అమ్మాయి. మాట తక్కువ, కొలత ఎక్కువ. ల్యాబులో ఆమె ఫలితాలు చక్కగా వచ్చాయి. పరిశోధన పత్రాన్ని ఒక పత్రిక సమీక్షకులు ఆమోదించారు. అచ్చుకు ముందు చూసుకునే ప్రూఫులు రావడమే తరువాయి. మా నిబంధనల ప్రకారం పత్రం అచ్చయితే గాని థీసిస్ సమర్పించడానికి వీల్లేదు. అందువల్ల ఆ ప్రూఫుల కోసం ఆమె రోజూ మెయిల్ తెరిచి చూసుకునేది.

అసలు పరీక్ష చాట్రాయి దగ్గర కోటేశ్వరరావుగారి తోటలో పెట్టుకున్నాం. ఆయన ఏటా ఢిల్లీలో ఒకే ఏజెంటుకు బంగినపల్లి పంపే రైతు. మొదటి రోజే మా మాటను సరిదిద్దారు. "పూత అనకండి మేడమ్‌గారూ, మాకు పూతంటే సంక్రాంతి ముందు చెట్టుకు వచ్చేదండీ. కూలీలు తికమకపడతారు. కోటింగు అనండి చాలు" అన్నారు. అప్పటినుంచి షెడ్డులో అందరికీ అది కోటింగే. లోడులో సగం కాయకు కోటింగు వేయడానికి ఒప్పుకుంటూ ఆయన ఒక్కటే అడిగారు. "ఏజెంటు దగ్గర నా మాట పోకుండా చూడండి. కాయ చెడితే ఒక లోడుతో పోదండీ, వచ్చే ఏడు ఫోను కూడా ఎత్తడు."

మే నెల మొదట్లో పొద్దున్నే మొదలుపెట్టాం. కాయను కడిగి, ఆరబెట్టి, వెడల్పాటి తొట్టెల్లో జిగురులో ముంచి, ఫ్యాన్ల కింద మళ్లీ ఆరబెట్టి ట్రేల్లో సర్దాలి. పొద్దుటి ట్రేలకు తెల్ల దారం, మధ్యాహ్నం ట్రేలకు ఎర్ర దారం కట్టించింది స్రవంతి. రెంటిలోనూ కొన్ని ట్రేలు లారీ ఎక్కించకుండా షెడ్డులోనే ఉంచాం. పంపిన సరుకుకు సాక్షిగా ఇలా కొంత అట్టేపెట్టడం మా పనిలో ఆచారం. మర్నాడు లారీ బయలుదేరి, హనుమాన్ జంక్షన్ దగ్గర డీజిలు పోయించుకుని హైదరాబాదు దారి పట్టింది. డ్రైవరు వెంకన్న కోటేశ్వరరావుగారికి పాతికేళ్లుగా తెలిసినవాడు.

హైదరాబాదు దాటగానే లారీకి గేరుబాక్సు ఇబ్బంది వచ్చి ఒక పూటంతా ఎండలో ఆగిపోయిందని తెలిసింది. నేను అంతగా పట్టించుకోలేదు. లారీలు ఆగుతుంటాయి. ఆ మర్నాడు మధ్యాహ్నం స్రవంతి చాట్రాయి నుంచి ఫోను చేసింది.

"మేడమ్, షెడ్డులో ఉంచిన కాయలు కోశాను. పైకి బాగానే ఉన్నాయి. లోపల పులిసిన వాసనొస్తోంది."

"అన్నీనా?"

"ఎర్ర దారం ట్రేలన్నీ. తెల్లవి బాగానే ఉన్నాయి. ఎందుకో తెలియట్లేదు మేడమ్."

వెంటనే పరికరం పంపుతున్న గ్రాఫు తెరిచాను. లారీ ఆగిన పూట నుంచి కార్బన్ డయాక్సైడ్ గీత మెట్టుమెట్టుగా పైకి లేస్తోంది. చూస్తుండగానే గీత ఆగిపోయింది. లారీ సిగ్నలు లేని చోటికి వెళ్లిందన్నమాట. ఫోను చేస్తే వెంకన్న అందుబాటులో లేడు.

ఆన్‌లైన్లో మూడు విభాగాల వాళ్లం మాట్లాడుకున్నాం. ఎండకు పరికరం తప్పు చూపిస్తూ ఉండవచ్చని కంప్యూటర్ సైన్స్ సహోద్యోగి అన్నారు. అది అసంభవమేమీ కాదు. మేనేజ్‌మెంట్ విభాగం ఆయన ఇంకో మాటన్నారు. ఇది పరీక్ష, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఫలితమే, మధ్యలో కలగజేసుకుంటే లెక్కలు పనికిరావు, లారీని ఢిల్లీ చేరనిద్దాం అని. పరిశోధన పద్ధతి ప్రకారం ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. కాని కోటేశ్వరరావుగారు మాకిచ్చింది నమూనా కాదు, ఆయన లోడు. పరీక్షను ఇక్కడితో ఆపేస్తున్నానని సమావేశపు మినిట్స్‌లో రాయించాను. ఆ అధికారం ప్రధాన పరిశోధకురాలికి ఉంటుంది.

కోటేశ్వరరావుగారికి చెప్పడం దానికన్నా కష్టమైంది. "కడిగితే పోతుందన్నారు కదండీ?" అన్నారాయన.

"పోతుందండీ. లోపల ఇంకా చెడనివి దక్కుతాయి. ఎన్ని చెడ్డాయో మాత్రం కోస్తే గాని తెలియదు."

"అయితే పదండి."

ఆయన, స్రవంతి చాట్రాయి నుంచి వచ్చి నన్ను కలిశాక కారులో ముగ్గురం బయలుదేరాం. దారి పొడుగునా ఆయన వెంకన్నకు ఫోను చేస్తూనే ఉన్నారు. స్రవంతి నా పక్కన కూర్చుని గ్రాఫు తెరను మాటిమాటికీ తాకుతోంది. అందులో ఏమీ కదలలేదు. సూర్యాపేట దాటాక ఆయన ఫోను మోగింది. వెంకన్న ఒక ధాబా నుంచి మాట్లాడుతున్నాడు.

"ఎక్కడున్నావు వెంకన్నా? బండి అక్కడే ఆపు. కదలొద్దు."

"నిర్మల్ ఇవతల ఉన్నానండీ. ఏంటండీ, ఏమైంది? లారీ ఓనరు ఇప్పటికే లేటయిందని తిడుతున్నాడండీ."

"ఓనరుతో నే మాట్లాడతాను. బండి నీడకు పెట్టి టార్పాలిన్ ఎత్తెయ్. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూసిపెట్టు."

తెల్లవారేసరికి మేము చేరాం. ధాబాకు కొద్ది దూరంలో లారీలు కడిగే చోటు ఒకటుంది. పెద్ద బోరు, పొడుగాటి పైపులు, వెనక రేకుల షెడ్డు. దాని యజమానికి సంగతంతా చెప్పి ఒప్పించింది వెంకన్నే. సబ్బు తగలని చోట నేల కడిగించి, కొత్త టార్పాలిన్ పరిపించి ఉంచాడు.

మొదట తెల్ల దారం ట్రే ఒకటి దించాం. స్రవంతి కాయ కోసి ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. తర్వాత ఎర్ర దారం ట్రే దించాం. కోయగానే పక్కనున్న నాకు కూడా కల్లు వాసన తగిలింది. రెండో కాయ కోసింది. అదీ అంతే. కోటేశ్వరరావుగారు లారీ చక్రానికి ఆనుకుని నిలబడ్డారు. మూడో కాయ, ట్రేలో అంచున ఉన్నది, బాగుంది. నాలుగోది బాగుంది.

"గాలి తగిలిన వైపు బతికాయి మేడమ్. మధ్యలోవి పోయాయి" అంది స్రవంతి. అంటూనే ఇంకో కాయ అందుకుంది.

ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు. కోటింగు వేసిన ప్రతి ట్రేనూ దించాం. ధాబాలో పనిచేసే ఆడవాళ్లు కొందరు సాయానికి వచ్చారు. పైపుతో తడిపి, మెత్తటి గోనెతో రుద్ది, మళ్లీ నీళ్లు పోసి, నీడలో పరిచాం. కడిగిన కాయ జారుడుగుణం పోయి చేతికి మామూలు మామిడికాయలా తగిలేది. ఎర్ర దారం ట్రేల మధ్య కాయలు పక్కన పారబోశాం. ఆ కుప్ప పెరుగుతుంటే అటు చూడకుండా పని చేశాను. తడి కాయ ఎక్కిస్తే బూజు పడుతుంది కనుక ఆరేదాకా ఆగక తప్పలేదు. ఓనరు ఫోను చేసినప్పుడల్లా వెంకన్న, "టైరు మారుస్తున్నానండీ" అని చెబుతూ వచ్చాడు. ఎండ నెత్తి మీదికి వచ్చాక లారీ కదిలింది.

అక్కడినుంచి ఢిల్లీ కబురు వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. సరుకు దించుకున్నాక ఏజెంటు కోటేశ్వరరావుగారికి ఫోను చేసి, ఈసారి కొన్ని ట్రేలు ముందే మెత్తబడ్డాయని గొణిగాడట. మిగతా లోడు మామూలుగానే అమ్ముడుపోయింది. వాళ్ల మధ్య మాట నిలిచింది.

కారణం స్రవంతి వారంలోపే పట్టుకుంది. వెడల్పు తొట్టెల్లో ఎండ వేడికి నీరు ఆవిరై, మధ్యాహ్నానికి జిగురు చిక్కబడింది. చిక్కటి జిగురు మందపు పొర వేసింది. ఆ మందానికి లారీలోని వేడి తోడైంది. వేడికి కాయ ఎక్కువ గాలి అడుగుతుంది, పొర తక్కువ ఇస్తుంది. ల్యాబులో కాయలు ఏసీ గదిలో ఉండేవి, జిగురు ఎప్పటికప్పుడు కొత్తగా కలిపేవాళ్లం.

అదే వారం ప్రూఫులు వచ్చాయి. పత్రంలో అబద్ధమేమీ లేదు. చెప్పిన పరిస్థితుల్లో చెప్పిన ఫలితాలే వచ్చాయి. అచ్చు వేయించుకుని తర్వాత ఇంకో పత్రం రాయమని డాక్టోరల్ కమిటీలో ఇద్దరు సలహా ఇచ్చారు. కాని చివరి పేరాలో ఈ పొర దూరప్రాంతాల రవాణాకు అనువైనది అన్న వాక్యం ఉంది. ప్రూఫుల్లో అచ్చుతప్పులు దిద్దుకోవచ్చు గాని, సమీక్షకులు ఆమోదించిన నిర్ధారణను మార్చనివ్వరు. నేను నిర్ణయం స్రవంతికే వదిలాను. రెండు రోజులు కనిపించలేదు. తర్వాత నా గదికి వచ్చి, పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు సంపాదకుడికి రాసిన మెయిల్ చూపించింది.

"థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది, తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు మేడమ్. ఇది చదివి ఇంకెవరో ఇంకో రైతు లోడుకు వేస్తారు. అప్పుడు నిర్మల్ దగ్గర నేనుండను కదా."

నేను సంతకం చేశాను. పత్రం వెనక్కి తీసుకోవాలంటే సీనియర్ రచయితగా నా సంతకం కూడా ఉండాలి.

మరుసటి వేసవి ఆమె పొర మందాన్నీ వేడినీ కలిపి కొలిచింది. ఏ మందం దాటితే, ఏ వేడి దాటితే కాయ పులుస్తుందో గీత గీసి చూపింది. మూత ఉన్న తొట్టె వాడాలని, గంట గంటకూ చిక్కదనం కొలవాలని రాసింది. ఆ పత్రమే అచ్చయింది. అంతకుముందు, ఆ కొలతల కోసం కాయలు ఇవ్వమని అడగడానికి మేము మళ్లీ చాట్రాయి వెళ్లినప్పుడు కోటేశ్వరరావుగారు ఒక షరతు పెట్టారు. "చేసుకోండమ్మా. కాని ఢిల్లీ లోడు మీద వద్దు. మా ఇంట్లో తినే కాయ మీద చెయ్యండి. చెడితే ముందు మాకే తెలుస్తుంది."

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఒక పదార్థం పనిచేస్తుందని రాసేముందు, అది ఎక్కడ పనిచేయడం మానేస్తుందో కనుక్కోవాలి. ఆ హద్దు తెలియనంతవరకు ఫలితం ల్యాబు గోడలు దాటకూడదు. రిటైరయ్యేలోగా నా దగ్గరికి వచ్చిన ప్రతి పత్రంలోనూ ఆ హద్దు ఎక్కడ రాశారో ముందు చూసి, తర్వాతే మిగతాది చదివాను.