ఉభయపక్షాల భోజనం

నల్లకోటు కుట్టడానికి టైలరు పెట్టిన గడువులో సగం కూడా ఆలోచించకుండా లాయరునైపోయిన రోజులవి. రాజమండ్రిలో లా చదివి, భీమవరంలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. ఎవరైనా "ఏ లాయరువమ్మా?" అని అడిగితే "కొత్త లాయర్నండి" అని చెప్పేదాన్ని. వాళ్ళు అడిగింది సివిలా, క్రిమినలా అని. ఆ సంగతి నాకూ తెలుసు, కానీ చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంటే కదా. డాక్టర్లకైతే కన్నో, పన్నో, గుండో ఏదో ఒకటి ఉంటుంది. మా చదువులో మాత్రం హత్యల దగ్గర్నుంచి ఆదాయపు పన్ను దాకా అన్నీ కలిపి నేర్పి, పట్టా చేతిలో పెట్టి, ఇక నీ ఇష్టం అని గేటు బయట వదిలేస్తారు. ఇప్పుడు తలచుకుంటే ఆ అయోమయానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం అన్నం సహించేది కాదు (ఈ మాట పూర్తిగా నిజం కాదని కాసేపట్లో మీకే తెలుస్తుంది).

నాకు తెలియకపోయినా మా చుట్టాలందరికీ తెలుసు, నేను ఏ లాయర్ని కావాలో. మా మేనమామ "సివిల్ పట్టుకోవే, గోదావరి జిల్లాల్లో గట్టు తగాదాలు ఉన్నంతకాలం నీకు పని ఉంటుంది" అన్నాడు. మా పెద్దమ్మ "ఏదైనా చెయ్యి కానీ విడాకుల కేసులు మాత్రం పట్టకే తల్లీ, నీకే సంబంధాలు రావు" అంది. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, కంపెనీల లాయర్లకు ఏసీ గదులుంటాయనీ, కోర్టు మొహం చూడక్కర్లేదనీ ఊరించాడు. నా మనసు మాత్రం క్రిమినల్ మీదే. బీరువా అద్దం ముందు నిలబడి, లేని సాక్షిని వేలెత్తి ప్రశ్నలడిగి ఏడిపించేదాన్ని. అద్దంలో సాక్షి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

మా నాన్న బడిపంతులు. ఆయన కోప్పడే మనిషి కాదు, అదే నాకు ఇబ్బంది. "ఈ వేసంకాలం దాకా చూద్దాం అమ్మా. నీకు ఫలానా పని వచ్చని నీకే నమ్మకం కుదిరితే సరే. లేకపోతే బ్యాంకు పరీక్షలకి కోచింగులో చేరుదువుగాని. లా చదివిన వాళ్ళని బ్యాంకులోనూ తీసుకుంటారట" అని నెమ్మదిగా చెప్పాడు. అప్పటికే రాజమండ్రిలో కోచింగు సెంటరు చూసి, హాస్టల్లో భోజనం ఎలా ఉంటుందో కనుక్కుని కూడా వచ్చాడని అమ్మ చెప్పింది. అంత శ్రద్ధగా ఓడించడానికి సిద్ధపడిన తండ్రితో ఎవరు మాత్రం పోట్లాడగలరు? వేసంకాలం లోపల నేను ఏదో ఒక లాయరుని అయి తీరాలి. లేకపోతే కోటు బీరువాలోకి, నేను బ్యాంకులోకి.

ముందు క్రిమినల్ చూశాను. సీనియర్ గారు ఒక మోటారు దొంగతనం కేసులో నన్ను బెయిలు అడగమన్నారు. అద్దం ముందు వచ్చిన గొంతు జడ్జి గారి ముందు రాలేదు. నేను కాగితాలు తలకిందులుగా పట్టుకోవడం చూసి, బోనులో ఉన్న ముద్దాయి ముందుకు వంగి, "కంగారు పడకండమ్మా, ఈ జడ్జి గారు మంచోరే, నాకు అలవాటు" అని ధైర్యం చెప్పాడు. బెయిలు వచ్చింది. అది నా వాదన వల్ల వచ్చిందో, మా ఇద్దర్నీ చూసి జాలిపడి ఇచ్చారో నేను ఆరా తియ్యలేదు. తరవాత పన్నుల సంగతి చూద్దామని ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కూర్చున్నాను. ఆయన మూడో సెక్షను మొదలుపెట్టేసరికి నాకు నిద్ర పట్టేసింది. ఆయన చాలా మర్యాదస్తులు, ఫ్యాను నా వైపు తిప్పారు.

ఇలా మాఘమాసం కూడా వెళ్ళిపోయాక, కోర్టులో నన్ను ఒక కేసుకి అడ్వకేట్ కమిషనర్‌గా వేశారు. పేరు పెద్దదే కానీ పని చిన్నది. తగాదాలో ఉన్న స్థలానికి కోర్టు తరఫున వెళ్ళి, అక్కడ ఉన్నది ఉన్నట్టు చూసి, రిపోర్టు రాసి ఇవ్వాలి. సాధారణంగా ఇలాంటివి జూనియర్లకే ఇస్తారు. మొగల్తూరు అవతల ఒక ఊళ్ళో అన్నదమ్ముల మధ్య కేసు అది. అన్నగారు తన పొలం తవ్వి రొయ్యల చెరువు చేశాడు. పక్కనే తమ్ముడి వరి పొలం, ఇల్లు. చెరువులోని ఉప్పునీళ్ళు భూమిలోకి ఇంకి తన పొలమూ, బోరూ పాడవుతున్నాయని తమ్ముడు దావా వేశాడు. సముద్రం పక్క ఊళ్ళో ఉప్పు కాక పంచదార వస్తుందా అన్నది అన్నగారి జవాబు. రెండిళ్ళ మధ్య మాటలు లేవు, లాయర్ల ద్వారానే మాట్లాడుకుంటున్నారు. బయల్దేరే ముందు సీనియర్ గారు కళ్ళజోడు తీసి మరీ చెప్పారు. "చూడమ్మా, నువ్వు ఎవరి మనిషివీ కాదు. అక్కడ ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టుకోకు. జ్ఞాపకం ఉంటుందా?" ఉంటుందండి అన్నాను. ఉంది కూడా, మధ్యాహ్నం దాకా.

కమిషనర్ గారు వస్తున్నారని ఊళ్ళో జీపు కోసం ఎదురుచూశారట. స్కూటీ మీద హెల్మెట్టుతో నేను దిగేసరికి కాస్త నిరుత్సాహపడినా, పైకి తేలకుండా కుర్చీ వేశారు. పొద్దున్నంతా గట్టు మీద తిరిగాను. రెండో పంటగా వేసిన దాళ్వా వరి చెరువు వైపున ఎర్రబడి ఉంది, అవతలి వైపు పచ్చగా ఉంది. చూసింది చూసినట్టు రాసుకున్నాను. మధ్యాహ్నమైంది. తమ్ముడి లాయరు తమ్ముడి ఇంటికి, అన్నగారి లాయరు అన్నగారి ఇంటికి భోజనానికి వెళ్ళిపోయారు. ఎవరి మనిషినీ కాని నేను ఎండలో గట్టు మీద మిగిలాను.

గోదావరి జిల్లాల్లో భోజనం వేళకి ఒక మనిషి ఊరికే నిలబడి ఉండటం అన్నది జరిగే పని కాదు. ముందు తమ్ముడి భార్య వచ్చింది. నేను సీనియర్ గారి మాట అప్పజెప్పాను. "కేసు కేసేనండి, అన్నం అన్నమేనండి. ఎండన పడి వచ్చిన ఆడపిల్లని ఖాళీ కడుపుతో పంపితే మా ఊరికి తలవంపులు కాదాండి?" అని ఆవిడ కదలకుండా నిలబడింది. ఇంతలో అవతలి గట్టు మీంచి అన్నగారి భార్య వచ్చి, తోడికోడలి వంక చూడకుండా నాతోనే, "రొయ్యలు ఇప్పుడే దింపానండి, చల్లారిపోతాయి" అంది. ఆ ఇగురు వాసన ఆవిడ కంటే ముందే వచ్చింది. అప్పుడు నాలో ఉన్న న్యాయశాస్త్రం మేలుకుంది. ఎవరింట్లోనూ తినకపోవడం నిష్పక్షపాతం అయితే, ఇద్దరింట్లోనూ తినడం కూడా నిష్పక్షపాతమే కదా. ఉభయపక్షాలకూ సమాన అవకాశం ఇవ్వాలని మాకు కాలేజీలో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. వాది తమ్ముడు కాబట్టి మొదటి భోజనం ఆయన ఇంట్లో, ప్రతివాది అన్నగారు కాబట్టి రెండోది అక్కడ అని గట్టు మీదే ఉత్తర్వు జారీ చేశాను.

చిన్నావిడ మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు, గడ్డపెరుగు పెట్టింది. పప్పు అమృతం. చారు మాత్రం నాలుక మీద పెట్టలేకపోయాను, అంత ఉప్పు. నా మొహం చూసి ఆవిడ తల దించుకుంది. "మీరు వస్తారని బిందెలో తెచ్చిన మంచినీళ్ళు పప్పుకే సరిపోయాయండి. చారు బోరు నీళ్ళతో పెట్టాను. ఉప్పు వెయ్యలేదండి, అలాగే వస్తుంది" అంది. నేను ఆ చారంతా తాగేశాను.

అక్కడి నుంచి పెద్దావిడ ఇంటికి వెళ్ళేసరికి కోటు గుండీలు విప్పేయాల్సి వచ్చింది. రెండో విస్తరి ముందు కూర్చుని, ఒక్క ముద్దతో మర్యాద దక్కించుకుని లేచిపోదామనుకున్నాను. కానీ ఆ రొయ్యల ఇగురు నన్ను లేవనివ్వలేదు. పెద్దావిడ మారు వడ్డిస్తూ, ఎటో చూస్తూ, "అక్కడేం వండింది?" అని అడిగింది. చెప్పాను. "చారు పెట్టిందా? దానికి చారు నేర్పింది నేనేనండి. కాపురానికొచ్చినప్పుడు చింతపండు ఎంత వెయ్యాలో తెలిసేది కాదు. బాగుందా?" అంది. కడుపు నిండిన మనిషి అబద్ధం చెప్పలేదనుకుంటాను. "ఉప్పగా ఉందండి" అన్నాను. "దాని చేతి చారు ఉప్పగా ఉండటం ఏంటండి?" అంది ఆవిడ, గరిటె అలాగే పట్టుకుని. "ఉప్పు వెయ్యలేదటండి. బోరు నీళ్ళే అలా వస్తున్నాయట."  ఆవిడ నాకు పెరుగు రెండుసార్లు వడ్డించింది, మొదటిసారి వడ్డించిన సంగతి మర్చిపోయి.

ఇంతవరకూ అయితే కోర్టు దాకా వెళ్ళేది కాదు. కానీ నాది మొదటి రిపోర్టు. ఉన్నది ఉన్నట్టు రాయాలని చెప్పారు కదా. గట్టు పొడవు, ఎర్రబడిన వరి, వీటితో పాటు "మధ్యాహ్నం వాది ఇంట భోజనము, తదుపరి ప్రతివాది ఇంట భోజనము చేసితిని. వాది ఇంట చారు ఉప్పగా నుండెను, ఉప్పు వేయలేదని తెలిసినది" అని కూడా రాసి, సంతకం పెట్టి, కోర్టుకి ఇచ్చేశాను. ఏ కేసులోనైనా రెండు పక్షాలూ ఒక మాట మీదకి రావడం అరుదని సీనియర్ గారు అనేవారు. నా రిపోర్టు విషయంలో వచ్చాయి. ఇద్దరూ అభ్యంతరాలు వేశారు. ప్రతివాది ఇంట రొయ్యలు తిన్న కమిషనరు వాదికి న్యాయం చెయ్యలేదని తమ్ముడి లాయరు. చారు తాగి నేలలో ఉప్పు తేల్చడం ఏ చట్టంలోనూ లేదని అన్నగారి లాయరు. సీనియర్ గారు రిపోర్టు చదివి మళ్ళీ కళ్ళజోడు తీశారు. "మంచినీళ్ళు ముట్టుకోవద్దన్నాను కానీ చారు సంగతి చెప్పలేదు, నాదే తప్పు" అన్నారు.

విచారణ రోజున నాన్న కోర్టుకి వచ్చాడు. నా గొప్ప చూడటానికి కాదు, వేసంకాలం వచ్చేసింది, సోమవారం కోచింగులో చేరాలి, సామాను తీసుకెళ్దామని. వెనక బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జడ్జి గారు నా రిపోర్టు పైకి చదివించారు. చారు దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అమ్మా, ఈ చారు స్థల పరిశీలన కిందకి వస్తుందా?" అని అడిగారు జడ్జి గారు. "అక్కడి నీళ్ళండి" అన్నాను, నాకే వినపడనంత నెమ్మదిగా. ఆయన కాగితాలు పక్కకి జరిపి, "ఈ రిపోర్టు పక్కన పెడుతున్నాం. వేరే కమిషనర్ని వేస్తాం" అన్నారు. వెనక బెంచీ మీద నాన్న సంచి సర్దుకోవడం కనపడింది. నా లాయరు జన్మ అక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడు జనంలోంచి పెద్దావిడ లేచి నిలబడింది. "అయ్యా, ఇంకో కమిషనర్ గారు అక్కర్లేదండి" అంది. వాళ్ళ లాయరు కూర్చోమని సైగ చేస్తున్నా కూర్చోలేదు. జడ్జి గారు చెప్పమన్నారు. "ఆ అమ్మాయి రాసింది నిజమేనండి. ఆ మర్నాడు నేనే వాళ్ళ పెరటి గుమ్మంలోంచి వెళ్ళి ఆ బోరు నీళ్ళు తాగి చూశానండి. సముద్రం ఉప్పు మాకు తెలుసండి, పుట్టినకాడ నుంచీ తాగుతున్నాం. ఇది అది కాదండి, మా చెరువుదే. పిల్లలున్న ఇల్లండి అది." హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జి గారు అన్నగారి వంక చూశారు. అన్నగారు తన భార్య వంక చూశాడు. తరవాత నేల చూపులు చూస్తూ, "ఆయ్, ఈ పంట పట్టాక ఉప్పునీళ్ళు మానేసి చేపలు వేసుకుంటామండి. గట్టు పక్కన ఊటనీళ్ళు పోవడానికి బోదె కాలవ తవ్విస్తాం" అన్నాడు. చిన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ కేసు రాజీ అయిపోయింది. రిపోర్టు మాత్రం పక్కన పెట్టినది పెట్టినట్టే ఉంది, దాన్ని ఎవరూ మళ్ళీ ముట్టుకోలేదు.

సాయంత్రం సీనియర్ గారు నన్నూ నాన్ననీ కూర్చోబెట్టి టీ తెప్పించారు. "మాస్టారూ, మీ అమ్మాయి సివిలుకీ క్రిమినలుకీ ఎంత పనికొస్తుందో నాకు తెలీదండి. కానీ తగువు పడ్డ మనుషులు ఈ పిల్ల ముందు నిజం మాట్లాడుతున్నారు. మధ్యవర్తిత్వం అని ఒక పని ఉంది, దానికి శిక్షణ ఇస్తారు. పంపిద్దామా?" అన్నారు. నాన్న కప్పు కింద పెట్టి, "దాంట్లో ఏం చెయ్యాలండి?" అని అడిగాడు. "ఇద్దరి మాటా వినాలండి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలి." నాన్న నా వంక చూసి, "అది దీనికి చిన్నప్పటి నుంచీ ఉందండి, ఇంట్లో నేనూ వాళ్ళమ్మా పోట్లాడుకుంటే ఇద్దరి దగ్గరా బెల్లం ముక్క తినేది" అన్నాడు. ఆ సోమవారం నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

మా చుట్టాలు చెప్పిన వరసలో లేని లాయరునయ్యాను. చాలా ఏళ్ళుగా అదే పని చేస్తున్నాను, చేసిన ప్రతిరోజూ ఆ ఇద్దరు తోడికోడళ్ళకీ, తప్పంతా తన మీద వేసుకున్న సీనియర్ గారికీ, సంచి సర్దుకున్న నాన్నకీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు నాకు చట్టం బాగానే వచ్చు. నా దగ్గరి జూనియర్లని ఎవరినైనా కోర్టు కమిషన్ మీద పంపితే, నేనే క్యారేజీ కట్టించి మరీ పంపుతాను. వాళ్ళు బుద్ధిగా గట్టు మీదే తినేసి, చక్కటి రిపోర్టులు రాసుకొచ్చి నాకు చూపిస్తారు. చదివి "బాగుందమ్మా" అంటాను. నిజంగానే బాగుంటాయి, తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఎవరింట్లో నీళ్ళు ఎలా ఉన్నాయో కూడా ఉండదు.