నాలుగో చరణం అయ్యేదాకా

పచ్చి సరుగుడు కట్టె మిషన్లో పడి ముక్కలయ్యేటప్పుడు ఒక ఘాటైన వాసన వస్తుంది. మొన్న మచిలీపట్నంలో గాలివానకు కూలిన సరుగుడు కొమ్మలను మా వీధి చివర మిషన్లో వేస్తుంటే ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోపు మాడింది. ఏమైందని మా వారు అడిగితే, ఇశ్రాయేలు గారు గుర్తొచ్చారని చెప్పాను. పెళ్ళయినప్పటి నుంచి ఆ పేరు వినీ వినీ ఆయనకు అలవాటైపోయింది. పోపు మళ్ళీ పెట్టమన్నారు, అంతే.

డిగ్రీ చదివి రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాక, బంటుమిల్లి దగ్గర ఒక కట్టెల యార్డులో సూపర్వైజర్‌గా చేరాను. హంసలదీవి వైపు ఇసుక నేలల్లో పెరిగిన సరుగుడు లారీల్లో వచ్చేది. దాన్ని చిప్పర్ మిషన్లో వేసి, అగ్గిపెట్టెలంత ముక్కలు చేసి కాగితం మిల్లులకు పంపేవాళ్ళం. ఆ మిషన్ వయసులో నాకంటే పెద్దది. ఒక డీజిల్ ఇంజను, దాన్నుంచి ఒక వెడల్పాటి బెల్టు, మూత కింద కత్తులు బిగించిన బరువైన ఇనప చక్రం. ఇప్పటి మిషన్లలో కొన్నింటికి చక్రం ఆగేదాకా మూత తెరుచుకోని ఏర్పాటు ఉంది. దీనికి అలాంటిదేమీ లేదు. దీనికి ఉన్నదల్లా ఇశ్రాయేలు గారే.

ఆయన ఆపరేటరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. మొదటి రోజే నన్ను చూసి, పైట చెంగు బొడ్లో దోపుకోమని, గాజులు తీసి టిఫిను డబ్బాలో పెట్టుకోమని చెప్పారు. సూపర్వైజర్ని పట్టుకుని నాకే చెప్తారా అని ముఖం ముడుచుకున్నాను. ఆయన పట్టించుకుంటేగా! కట్టెను మొదలు వైపు నుంచి పెట్టాలని, ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలని, మిషన్ లాగగానే వదిలెయ్యాలని, పొట్టి ముక్కలను చేత్తో కాక పొడుగు కర్రతోనే నెట్టాలని రోజూ చెప్పేవారు. వినేవాళ్ళకు విసుగు పుట్టేది గానీ, చెప్పే ఆయనకు పుట్టేది కాదు.

లోపల బెరడు అడ్డం పడిందంటే మాత్రం అదొక తంతు. ఇంజను ఆపి, బెల్టు తప్పించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఏసు పాట ఎత్తుకునేవారు. నాలుగు చరణాలు, చరణం చరణానికీ పల్లవి. అదంతా అయ్యాక కర్రతో ఒకసారి లోపల తడిమి చూసి, అప్పుడు మూత ఎత్తేవారు. ఇంజను ఆగాక కూడా ఆ చక్రం చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతుంది. పైన రేకు కప్పి ఉండడంతో కంటికి కనిపించదు. అది ఆగడానికి పట్టే సమయాన్ని ఆయన పాటతో కొలుచుకున్నారు.

మా ఓనరు గారిది మొవ్వ. మంచివారే, కాకపోతే కాలు నిలవని మనిషి. ఒకసారి లారీ బయల్దేరాల్సిన వేళకు పాట మొదలైంది. "ఇశ్రాయేలూ, ఇవాళ్టికి సగం పాటతో సరిపెట్టవయ్యా" అన్నారు.

"సగం పాటకి సగం చెయ్యే మిగుల్తుందండీ" అని, ఈయన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఓనరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆ వర్షాకాలం జలుబు చేసి ఇశ్రాయేలు గారి గొంతు పూర్తిగా పోయింది. మిషన్‌కు బెరడు అడ్డం పడింది. ఆయన ఇంజను ఆపి, నన్ను పాడమని సైగ చేసి, బెల్టు సర్దడానికి అటు తిరిగారు. నేను శనివారం తప్పకుండా వెంకన్న గుడికి వెళ్ళే మనిషినే గానీ, వినీ వినీ ఆ పాట నోటికి వచ్చేసిందనుకున్నాను. హుషారుగా ఎత్తుకున్నాను. రెండు చరణాలయ్యాయి. మూడోది ఎంతకీ గుర్తు రాలేదు. నాకు వచ్చిన పాట అయిపోయింది కనుక మిషన్ కూడా ఆగిపోయి ఉంటుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టబోయాను.

నా మోచెయ్యి పట్టి ఎవరో గుంజితే వెనక్కి పడ్డాను. ఆయనే. ఒక బారెడు సరుగుడు రెమ్మ తీసి లోపలికి జాపారు. టక్కుమని చిన్న చప్పుడయింది. ఆయన చేతిలో మూరెడు రెమ్మ మిగిలింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. అరుస్తారని ఎదురుచూశాను. అరవడానికి గొంతు ఏదీ? దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు.

"చరణం గుర్తు రాకపోతే తెలిసిందే మళ్ళీ పాడుకోవాలమ్మా. నువ్వు ఆగినంత మాత్రాన అది ఆగదు."

మర్నాడు మిగిలిన రెండు చరణాలూ కాగితం మీద రాసి తెచ్చారు. వారం రోజులు భోజనాల వేళ నా చేత అప్పజెప్పించుకున్నారు. అప్పటిదాకా నన్ను మూత దగ్గరికి రానివ్వలేదు. సూపర్వైజర్ని నేనన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆయన పోయి మూడేళ్ళయింది. నేనిప్పుడు గుడివాడ చుట్టుపక్కల రైతులకు కొబ్బరి మట్టలు ముక్కలు చేసే మిషన్లు నడపడం నేర్పుతున్నాను. చాలావరకు ఎవరో వాడి అమ్మేసిన పాతవే. ఇంజను ఆపించి, చేతులు వెనక్కి కట్టించి, ఎవరికి వచ్చిన పాట వాళ్ళను పాడమంటాను. వాచీ చూసుకుంటే సరిపోదా అండీ అని ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోతుందనే చెప్తాను. నేను మాత్రం ఆ నాలుగు చరణాలూ పాడతాను.

పొద్దున్నే మా అమ్మాయికి జడ వేస్తాను. ఒత్తు జుట్టు, పాయలు నిలవవు. స్కూలుకు టైమైందని అది గోల చేస్తుంది. నేను తొందరపడను, పది వేళ్ళూ పెట్టి బిగువుగా అల్లుతాను. ఆ వేళ్ళు మొదట మా అమ్మానాన్నలు ఇచ్చారు. రెండోసారి ఇశ్రాయేలు గారు ఇచ్చారు.