నూకాలమ్మ వేయించిన మిరపకాయలు

ఏంజెలాని ఏడిపించడానికి నూకాలమ్మ పదివేలు పుచ్చుకుని మిరపకాయలు వేయించిందని ఖరగ్‌పూర్‌లో చెప్పుకుంటున్నారు. పదివేలూ అబద్ధం, ఏడిపించడమూ అబద్ధం. మిరపకాయలు వేయించిన మాట మాత్రం నిజం. రోజూ వేయిస్తుంది. రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర ఇడ్లీలమ్మే మనిషి మరి, కారప్పొడి లేకుండా ఎవరు తింటారు?

జరిగింది ఇది. ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో పెరిగి హైదరాబాద్‌లో టీవీ యాంకరైన ఏంజెలా, డబ్బు తీసుకుని ఒక బెట్టింగ్ యాప్‌ని మెచ్చుకుంది. నమ్మి ఆడినవాళ్ళు మునిగారు. జనం తిట్టిపోశారు. క్షమాపణ వీడియో తీసుకుందామని ఆ పిల్ల ఇక్కడున్న తన పిన్ని ఎమిలీ ఇంటికొచ్చింది. అక్కడేమో గోడలకి కొత్త టైల్స్.

"ఈ టైల్స్ ముందల నిలబడి డబ్బు మీద ఆశ లేదంటే ఎవులు నమ్ముతారే? పక్కింటి నూకాలమ్మొదిన వంటింట్లో తీసుకో" అంది ఎమిలీ.

నూకాలమ్మ కాదనలేదు. మిరపకాయలు వేగుతున్న పొయ్యి ఆర్పలేదు కూడా. ఆర్పమని ఎవరూ అడగలేదు. పెచ్చులూడిన గోడ ముందు నిలబడి ఏంజెలా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీడియోలో వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు పట్టుకుని ఒక యూట్యూబ్ చానెలాయన మైకుతో గుమ్మంలోకి దిగాడు.

"మాసీ, ఆ కన్నీళ్ళు నిజమేనా, మిరపకాయలవా?"

"నాకూ వచ్చినాయి బాబూ. నేనేటి యాప్ అమ్మీసినానా?"

"ఏంజెలా నీకెంతిచ్చింది?"

"ఇడ్లీలు పట్టికెళ్ళింది. వాటికి డబ్బులిచ్చింది."

సాయంత్రం ఆ చానెల్ వీడియోలో ఇడ్లీల మాట లేదు. "డబ్బులిచ్చింది" అన్న ముక్కే ఉంది. మర్నాటి నుంచి గేటు దగ్గర జనం ఆవిడ గిన్నెని దాటుకుని పోతున్నారు.

ఎమిలీ పరుగెత్తుకొచ్చింది. "పిల్ల నిజంగానే ఏడ్సిందని సెప్పీ వదినా. నువ్వు సూసినావు కదా. పొయ్యి సల్లారినాక కూడా ఆ మూల కూకుండి ఎంతసేపు ఏడ్సింది. సెప్పితే నీ బేరం నీకొస్తాది."

"ఫోను ఆపీసినాక ఏడ్సింది కదేటి" అంది నూకాలమ్మ, పప్పు కడుగుతూ. "ఆ ఏడుపు ఆళ్ళకి సూపించాలనుకుంటే ఆపకముందే ఏడ్సును."

"మరి నీ బేరమో?"

"నా బేరం ఇడ్లీలు."

ఎమిలీ నోరు ఆగేది కాదు గనక ఈ సంగతి మనదాకా వచ్చింది. నూకాలమ్మ నేటికీ ఎవరితోనూ అనలేదు. రోజూ సగం ఇడ్లీలు తిరిగి ఇంటికే వస్తున్నాయి. పొద్దున్నే వర్క్‌షాపు వైపు వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర కాస్త ఆగి, ఆవిడ ఎలా ఉందో చూసి రండి. ఏంజెలా సంగతి అడగొద్దు. కారప్పొడి అడిగితే ఇంకో చెంచా వేస్తుంది.