చమ్కీల చీరలో కుప్పం స్త్రీల కూటానికి

మా పెద్దమ్మ నగలు పెట్టుకోదు, పూలు పెట్టుకోదు, తెల్లచీర తప్ప వేరేది కట్టదు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచీ అంతే. కుప్పంలో ఒక చర్చి వాళ్లు నిరుడులాగే ఈసారీ స్త్రీల కూటానికి పిలిచి, విశ్వాసుల వస్త్రధారణ గురించి మాట్లాడమన్నారు. ఒంటరిగా పంపలేక నేనూ బయల్దేరాను. ఉదయం ఏడింటికి మదనపల్లెలో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. దారి పొడుగునా నాలుగు పేజీల ప్రసంగం నాకు చదివి వినిపించింది.

ఎనిమిదింటికి పుంగనూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. సాంబారు గిన్నె పక్కకు జరపబోయి పెద్దమ్మ ఒళ్లోనే పోసుకుంది. కుచ్చిళ్లన్నీ పసుపు. "ఇంటికి పోదాం పా. ఈ వాలకంతో పోయి ఏం జెప్పేది?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క వీధిలో అప్పుడే షట్టరు ఎత్తుతున్న బట్టల కొట్టుకు లాక్కెళ్లాను.

"తెల్లవి ల్యావమ్మా, పెండ్లిండ్ల సీజను గదా. ఇది సూడండి, సింపుల్‌గా ఉండాది," అని కొట్టాయన చిలకపచ్చ చీర పరిచాడు. అంచు నిండా చమ్కీలు.

"ఇది సింపులా అప్పా?" అంది పెద్దమ్మ.

"మా కొట్లో ఇదే సింపులమ్మా."

ఆరు వందలు. లోపలికి వెళ్లి కట్టుకొచ్చింది గానీ అద్దం వైపు చూడలేదు. పలమనేరులో బస్సు మారాం. పక్క సీటామె ముచ్చటపడి, "పెండ్లికి పోతాండారా అమ్మా?" అని అడిగింది.

"ప్రార్థనకు," అంది పెద్దమ్మ, చమ్కీల అంచును మడతల్లోకి దాచుకుంటూ.

పన్నెండుకు కుప్పం చేరాం. చర్చిలో ఆమె అడుగుపెట్టగానే పాట ఆగినంత పనైంది. చివరి వరసలో నిర్మల అనే ఆమె తెల్లచీరలో కూర్చుని ఉంది. మెరుపుల చీర కట్టిందని నిరుడు ఇదే కూటంలో పెద్దమ్మ అందరి ముందూ కోప్పడితే, ఆమె చర్చికి రావడమే మానేసింది. మళ్లీ ఈ రోజే వచ్చిందట. పెద్దమ్మను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పెద్దమ్మ కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. సాంబారు సంగతి మొదలుపెట్టి అంతా చెప్పింది. నవ్వులు సద్దుమణిగాక, "నిర్మలా, నిరుడు నిన్ను అందరి ముందర అంటిని. నా కండ్లు ప్రభువు మీద ల్యా, నీ చీర మీద ఉండినాయి. నన్ను క్షమించు తల్లీ," అంది.

నిర్మల లేచి కళ్లు తుడుచుకుంది. "అదేం ల్యాదక్కా... ఆ చీర యాడ కొన్నారు?"

పెద్దమ్మ ఇప్పటికీ తెల్లచీరే కడుతుంది. అది ఆమె భక్తి, నాకు గౌరవమే. కానీ ఎదుటివాళ్ల చీర చూసి వాళ్ల భక్తిని కొలవడం ఆ రోజుతో మానేసింది. ఇంత మంచి ప్రసంగం నేను ఏ చర్చిలోనూ వినలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సంచిలో ఇంకో జత పెట్టుకోండి. పొద్దున్నే పుంగనూరులో కొట్టు తెరిచి ఉండటం మా అదృష్టం, మీకూ ఉంటుందని చెప్పలేను.