బస్సెక్కించిన కఫీల్

మేలు చేసినవాడికే ద్రోహం చేసే మనిషి గురించి అరబ్బులకు ఒక సామెత ఉంది. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో పనికి కుదిరిన మొదటి ఏడే విన్నాను. నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ ముసలాయన, మా కఫీల్, ఇసుక లారీవాడు మోసం చేసినప్పుడల్లా ఆ మాట అని, మీసం తుడుచుకుని, మళ్ళీ వాడి దగ్గరే ఇసుక తెప్పించేవాడు. ఆ సామెత ఇక్కడ రాయను. ఏం, రాదా అంటే వస్తుంది. రాయబుద్ధి కాదు, అంతే.

మేం పదకొండుమందిమి, టైల్స్ పరిచే పనివాళ్ళం. నన్ను అక్కడికి తీసుకుపోయింది మా అక్క మొగుడు, మా బావ. ముసలాయనను అందరం బాబా అనేవాళ్ళం. ఆయన గొప్ప ఉన్నవాడేం కాదు. ఒక పాత పికప్పు, ఒక గోదాం, దాని నిండా సిమెంటు దుమ్ము.

అక్కడి కఫీళ్ళలో చాలామంది పనివాళ్ళ పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్ళు. బాబా కూడా అట్లాగే పెట్టాడు, నా భార్యకు కాన్పు కష్టమైందని ఫోన్ వచ్చేదాకా. ఆ రోజు ఆయన ఒంటెలను చూసుకోవడానికి ఎడారిలోకి పోయాడు. ఫోన్ కలవదు, తాళంచెవి ఆయన జేబులో. రెండు రోజులు గోదాం ముందు పిచ్చివాడిలా తిరిగాను. ఆయన వచ్చి, సంగతి విని, నుదురు కొట్టుకున్నాడు. వెళ్ళి వచ్చే కాగితాలు ఆ పూటే చేయించి, దమ్మాం ఎయిర్‌పోర్టు దాకా తనే బండి నడిపాడు. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా బతికారు. నేను తిరిగొచ్చేసరికి బీరువా ఖాళీ. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతికే ఇచ్చేశాడు. "నీ కాగితం నా దగ్గరెందుకు?" అన్నాడు.

తర్వాత నితాఖత్ అనే కొత్త రూలు వచ్చింది. సంస్థలో ఇంతమంది సౌదీలు ఉండాలి, లేకపోతే ఎర్రరంగు. ఎర్రలో పడ్డవాళ్ళ దగ్గర పనివాళ్ళ ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ఇకామా లేనివాడు పోలీసుకు దొరికితే జైలు, అటునుంచి అటే ఇంటికి. మా పదకొండుమందిలో సౌదీ ఒక్కడూ లేడు. నా ఇకామాకు రెండు నెలలే గడువుంది.

బాబా మమ్మల్నందరినీ ఇంటికి పిలిచి పెద్ద తాంబాళంలో అన్నం, మాంసం పెట్టించాడు. మేనల్లుణ్ణి సంస్థలో చేరుస్తున్నాను, రంగు మారుతుంది, ఒక్క నెల ఓపిక పట్టండి, ఒప్పుకున్న బడి టైల్స్ పని మధ్యలో వదిలి పోకండి అన్నాడు. అందరికంటే ముందు "ఉంటా బాబా" అన్నది నేనే. నన్నెవడు అనమన్నాడు!

వారం తిరక్కుండా, దేశానికి ఆ చివర జెడ్డా వైపు రాబిగ్‌లో ఒక పెద్ద కంపెనీ మేస్త్రీలను తీసుకుంటోందని తెలిసింది. వాళ్ళది పచ్చరంగు. ఎర్రలో ఉన్నవాడు పచ్చలోకి మారడానికి పాత కఫీల్ ఒప్పుకోనక్కర్లేదని రూలు. పాస్‌పోర్టు పట్టుకుని వస్తే చాలన్నారు. నా పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉంది.

"బావా, నువ్వు గూడ రా," అన్నాను.

"మాటిచ్చినం గదరా. నెల రోజులాగలేవా?"

"నెలల రంగు మారకపోతె? నన్ను పోలీసోడు పట్టుకపోతె నా పిల్ల గతేంది?"

"గట్లైతె ముసలాయనకు చెప్పి పో. వద్దనడు."

"ఎందుకనడు? హురూబ్ ఏస్తడు."

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని కఫీల్ పెట్టే ఫిర్యాదు. అది కంప్యూటర్లో పడితే బదిలీ లేదు, బతుకు లేదు. కనబడిన చోటే పట్టుకుంటారు. బాబా ఎలాంటివాడో తెలిసి కూడా ఆ మాట అన్నాను. బావ లేచి పోయాడు.

పాస్‌పోర్టు గడువు అయిపోతోంది, రియాద్ ఎంబసీకి పోయి కొత్తది చేయించుకోవాలి అని బాబాకు అబద్ధం చెప్పాను. టాక్సీ ఎందుకు అని తనే పికప్పులో బస్సు దగ్గరికి తీసుకుపోయాడు. రొట్టెలు, ఖర్జూరాలు, నీళ్ళ సీసా సంచిలో పెట్టి చేతికిచ్చాడు. వీడు నా మనిషి, జాగ్రత్తగా దింపు అని డ్రైవరుకు చెప్పాడు. బస్సు కదిలేదాకా ఎండలో నిలబడ్డాడు. నేను కిటికీ తెర లాక్కున్నాను.

రియాద్‌లో దిగి రాబిగ్ బస్సెక్కాను. అక్కడ బదిలీకి మూడు వారాలు పట్టింది. నిప్పుల మీద కూర్చున్నట్టే గడిపాను. ఆ మూడు వారాల్లో బాబా రెండుసార్లు ఫోన్ చేశాడు.

"పాస్‌పోర్టు అయిందా?"

"ఇంకా లేదు బాబా."

"సరే. తిండి సరిగ్గా తిను."

రెండోసారీ అదే ప్రశ్న, అదే అబద్ధం. కొత్త ఇకామా చేతికి రాగానే సిమ్ మార్చేశాను. బాబా చెప్పినట్టే నెలకల్లా వాళ్ళ రంగు మారిందని మా అక్క చెప్పింది. నేను లేని లోటుకు బడి పని ఆలస్యమై, ఆయన ఆ బడివాళ్ళతో నానా మాటలు పడ్డాడట.

బావ నాతో మాట్లాడటం మానేశాడు. ఏళ్ళు గడిచాయి. పరాయిదేశపు పనివాడు ఒక్కొక్కడికి ఇంత అని సర్కారు వసూలు చేసే లెవీలు పెరిగిన కాలంలో, ఒక శుక్రవారం పొద్దున బట్టలు ఉతుక్కుంటుంటే ఫోన్ మోగింది. బావ గొంతు.

"బాబా దుకాణం బంద్ జేస్తుండు. లెవీలు కట్టలేక. నేను ఎగ్జిట్ మీద ఇంటికి పోతున్న. పోయే ముందల ఒక ముచ్చట నీకు ఎర్క కావాలె. నువ్వు రాబిగ్‌ల కాగితం పెట్టిన మూడో దినమే బాబాకు తెల్సిపోయింది. ఆయన కొడుకు కంప్యూటర్ల జూశిండు. హురూబ్ ఏద్దామని ఇల్లు పీకి పందిరేశిండు."

 మూడో రోజే తెలిస్తే, ఆ రెండు ఫోన్లూ తెలిసి చేసినవే. నిజం చెప్తానేమోనని చూశాడు. రెండుసార్లు చూశాడు.

"ఆ సామెత అన్నడా, బావా?"

"అనలే. ఇగో, పక్కకే ఉన్నడు. నువ్వే అడుగు."

వద్దు వద్దు అంటున్నా వినకుండా ఫోన్ ఆయన చేతికిచ్చాడు.  సలాం కూడా చెప్పకుండా అడిగాను, "నా మీద హురూబ్ ఎందుకు వేయలేదు, బాబా?"

ఆయన కాసేపు దగ్గాడు. గొంతు బాగా ముసలిదయింది.

"నిన్ను బస్సెక్కించింది నేనే కదా. పారిపోయాడని ఎట్లా రాయను?"