ఎడమవైపు తుడిచిన బొట్టు

మా అత్తగారి ఊరి గుట్టకు ఒక కట్టుబాటు ఉంది. ఎక్కిన దారిన దిగకూడదు. తూర్పున బండలు పట్టుకుని పాకుతూ ఎక్కాలి. పైన ఒక రాయి పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. పడమట మేకలు నడిచే దారిన దిగి, గుట్ట అడుగున చుట్టూ తిరిగి, బయలుదేరిన తుమ్మచెట్టు దగ్గరికే రావాలి. ఇంటికొచ్చిన ప్రతి కొత్త కోడలూ పదహారు రోజుల పండగ లోపల ఒక్కసారి అలా చుట్టి రావాలి. చెప్పులు వేసుకోకూడదు. మగవాళ్ళు ఎక్కరు. వాళ్ళు ట్రాక్టరు నీడన పులిహోర గిన్నెలకు కాపలా కూర్చుంటారు.

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సులో కూర్చుని చూస్తే అదేం పెద్ద గుట్టలా ఉండదు. దగ్గరికి వెళితేనే తెలుస్తుంది, ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి ఎలా ఒరిగి ఉన్నాయో.

కొత్త కోడలికి దారి తెలియదు కదా. అందుకని ఆమెకంటే ముందు ఆ ఇంటికొచ్చిన కోడలు పసుపు గిన్నె పట్టుకుని ముందు ఎక్కుతుంది. కాలు ఎక్కడ మోపాలో ఆ రాతి మీద పసుపు బొట్టు పెట్టుకుంటూ పోతుంది. వెనక వచ్చేదానికి ముందు మనిషి కనిపించకూడదు, బొట్టే కనిపించాలి. ముందొచ్చినదాన్ని నమ్మి వెనకొచ్చినది నడవడమన్నమాట. ఈ కట్టుబాటు పెట్టినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. వాళ్ళకు మా తోడికోడలు తెలియదు.

తోడికోడలంటే మా బావగారి భార్య. నాకంటే నాలుగేళ్ళ ముందు ఆ ఇంటికొచ్చింది. నాకు పందొమ్మిదేళ్ళు, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఎవరేం చెప్తే అది నమ్మేదాన్ని. జ్యేష్ఠంలో నా పెళ్ళి. పెళ్ళయిన మూడో రోజున మా అత్తగారు ఆవకాయ ముక్కలు నా ముందు పోసి, కారం ఉప్పు నా చేతే కలిపించింది. అంతకుముందు ఆ పని తోడికోడలిది. నాకు తెలిసి ఆమెకు నేను చేసిన అపకారం అదొక్కటే.

తొమ్మిదో రోజు గుట్టకు వెళ్ళాం. సగం ఎక్కాక ఒక పెద్ద బండ రెండుగా చీలి ఉంటుంది. కుడివైపు సందు చూస్తే మనిషి పట్టదనిపిస్తుంది, పక్కకు తిరిగి దూరాలి. ఎడమవైపు అరుగులాగా, రమ్మని పిలిచినట్టు ఉంటుంది. బొట్టు ఎడమన ఉంది. నేను ఎడమకే వెళ్ళాను. రెండో బొట్టు, మూడో బొట్టు. అరుగు సన్నబడింది. ఐదో బొట్టు మీద కాలు పెట్టి ఆరోది వెతికితే అక్కడ బండ లేదు. గాలి ఉంది. కింద రెండు తాటిచెట్ల లోతు.

వెనక్కి తిరగడానికి చోటు లేదు. పొట్ట బండకు ఆనించి అలాగే నిలబడ్డాను. ‘అక్కా’ అని పిలిచాను. పైనుంచి ఆమె గాజుల చప్పుడు వినిపించింది. నా పిలుపుకు ఆ గాజులు ఆగాయి. విన్నదన్నమాట. తర్వాత మళ్ళీ గలగలమన్నాయి, దూరమవుతూ.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎండకు బండ కాలి చెంప బొబ్బలెక్కింది. చివరికి మేకలు కాసే ముసలాయన ఒకాయన నా ఏడుపు విని వచ్చి, నా పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి జరిపి, వీపున వేసుకుని దింపాడు. ఎక్కిన దారినే దింపాడు. తుమ్మచెట్టు కింద నలభై మంది చుట్టాలు చూస్తుండగా కొత్త కోడలు ముసలాయన వీపు మీద వచ్చింది.

తోడికోడలు పడమటి నుంచి నింపాదిగా చుట్టి వచ్చింది. కుడివైపు శుభ్రంగా బొట్లు పెట్టానని, ఈ పిల్ల చూపు ఎటుందోనని అంది. వెళ్ళి చూసినవాళ్ళు లేరు. ఆ సాయంత్రమే తొలకరి పడింది, పసుపంతా కడుక్కుపోయింది.

ఇక అప్పటి నుంచి నేను ‘ఎక్కిన దారిన దిగిన కోడలి’ని. గేదె ఈనలేక చచ్చిపోతే నా దిగుడు. బోరు ఎండితే నా దిగుడు. మిరపకు బొబ్బర తెగులొస్తే నా దిగుడు. నా తొలి కాన్పు నిలవనప్పుడు, నేనింకా మంచం మీదుండగానే, చూడటానికొచ్చిన వాళ్ళతో గుమ్మంలో నిలబడి తోడికోడలు ఆ మాటే అంది. ఏ ఇంట పెళ్ళయినా పసుపు దంచేటప్పుడు రోకలికి నా చెయ్యి తగలనిచ్చేవారు కాదు. ఐదుగురు ముత్తైదువలు దంచుతుంటే నేను జల్లెడ పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు.

నేనేం ఊరుకోలేదు. ఏటా సీతాఫలాల రోజుల్లో ఒక్కదాన్నే ఆ గుట్టెక్కాను. కాయల కోసమని ఇంట్లో చెప్పేదాన్ని. మొదటి ఏడు చీలిక బండ దాకా వెళ్ళి వణికి కూర్చున్నాను. రెండో ఏడు కుడి సందులో దూరాను. తర్వాత్తర్వాత కళ్ళు మూసుకుని చుట్టి వచ్చేటంత తెలిసింది, ఏ బండ కదులుతుందో, ఏ రాతి మీద నాచు పడుతుందో. అయినా అది లెక్కలోకి రాదు. కోడలికి ఒక్కసారే చుట్టు. నాకు మాత్రం ఒక లెక్క ఉంది. ఈ ఇంటికి నా తర్వాత వచ్చే కోడలు ఎవరు? తోడికోడలి కోడలు. ఆ పిల్లకు ముందు పసుపు గిన్నె పట్టుకోవాల్సింది ఎవరు? ఈ ఇంటికి ఆఖరున వచ్చిన నేను. పెళ్ళికి నాకు మంచి చీర పెట్టకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. ఆ గిన్నె చాలు.

మొన్న మాఘంలో వాళ్ళబ్బాయి పెళ్ళయింది. కీసర పిల్ల. కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. గుట్ట సంగతి చెప్తే భయపడుతుందనుకుంటే సంబరపడింది. ఆఫీసువాళ్ళతో ఇలాంటివి చాలా ఎక్కిందట, ట్రెక్కింగ్ అంటారట, ఎక్కిన దారిన దిగకుండా చుట్టి వస్తే దాన్ని లూప్ అంటారట. ‘మరి బూట్లు?’ అని మాత్రం అడిగింది.

తోడికోడలు గిన్నె నాకివ్వకుండా ఉండటానికి చెయ్యని ప్రయత్నం లేదు. అది చుట్టు పూర్తి చేసినది కాదు, దానికి దారేం తెలుసని మా అత్తగారి దగ్గర పంచాయితీ పెట్టింది. మా అత్తగారికి ఎనభై దాటాయి, కళ్ళు సరిగా ఆనవు, మాట మాత్రం చెల్లుతుంది. ‘తప్పినదానికే దారి బాగా తెలుస్తుందే పెద్దదానా. గిన్నె చిన్నదానికియ్యి’ అంది.

ఆ పొద్దున తోడికోడలు నాకు కాఫీ తెచ్చిచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి.

‘పిల్ల సుకుమారమే. కాస్త చూసి పెట్టు బొట్లు.’

‘నువ్వు నాకు పెట్టినట్టే పెడతాలే అక్కా.’

ఆమె మొహం చూడాలి. ఆ కాఫీ ఎంత బావుందో చెప్పలేను. గంట తిరిగేసరికి, మోకాళ్ళ నొప్పులని మెట్లు కూడా ఎక్కని మనిషి, నేనూ వస్తా, పిల్ల వెనక ఉంటానని చీర దోపింది.

ముందు నేను, కనపడనంత వెనక ఆ పిల్ల, దాని వెనక ఆమె. నేను బొట్లు పెట్టుకుంటూ చీలిక బండ దగ్గరికి చేరాను. వేలు పసుపులో ముంచాను. ఎడమవైపు పెట్టాను. అవును, పెట్టాను. దాని కోసమే బతికాను కదా. ముందు పిల్ల, పిల్ల కోసం అత్త, ఇద్దరూ ఆ అరుగు మీద పొట్టలానించి నిలబడతారు. నా గాజులు నేనూ ఆపుతాను, తర్వాత గలగలమనిపించుకుంటూ వెళ్ళిపోతాను.

అప్పుడు కిందనుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది.

‘చిన్నత్తయ్యా, మీరు కనపడకపోయినా గాజులు వినిపిస్తున్నాయి. అదే ధైర్యంగా ఉంది.’

ఆ గాజుల మాట అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. కొంగుతో ఆ బొట్టు తుడిచాను. గరుకు రాయి, పూర్తిగా పోలేదు, పసుపు మరక మిగిలింది. కుడివైపు ఇంత లావున బొట్టు పెట్టి, సందులో దూరి పైకి వెళ్ళి కూర్చున్నాను.

కాసేపటికి ఆ పిల్ల పక్కకు తిరిగి సందులోంచి నవ్వుతూ బయటికొచ్చింది. వెనక అత్త లేదు. ఎడమన తుడిచిన గుర్తు చూసి, అసలు దారి ఇదే, మీ చిన్నత్త బొట్టు మార్చేసింది, నువ్వు ఆగు, నేను ముందు వెళ్ళి చూస్తానని అటు వెళ్ళిందట. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇటు ఎక్కలేదు కదా, ఆ ఇరుకు సందే దారన్నది మరిచిపోయినట్టుంది. ‘నేను మాత్రం బొట్టున్న వైపే వచ్చా’ అంది పిల్ల.

అంతలో కింద నుంచి ‘ఏమే’ అని ఒక గొంతు. తొంగి చూశాను. ఐదో బొట్టు ఉండాల్సిన చోట, పొట్ట బండకు ఆనించి, చెంప బండకు ఆనించి, కళ్ళు మూసుకుని మా తోడికోడలు. సరిగ్గా అక్కడే. అంగుళం అటూ ఇటూ లేదు.

నేను గాజులు ఆపాను. పక్కన రేగుపొద ఉంటే పళ్ళు కోసుకుని కూర్చుని తిన్నాను. గింజలు ఒక్కొక్కటే ఆమె పక్క నుంచి లోయలోకి ఊశాను. దేవుడు ఆ పళ్ళలో అంత తీపి మళ్ళీ పెట్టలేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగుతోంది, అత్తయ్యను దించుదాం రమ్మని. ఉండమ్మా, ఊపిరి తీసుకోనీ అన్నాను. ఎవరి ఊపిరో చెప్పలేదు.

పళ్ళు అయిపోయాక దిగి, అరుగు మీద పాకుతూ వెళ్ళి, ఆ ముసలాయన నాకు చేసినట్టే ఆమె పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి జరిపాను. చీలిక దగ్గర కూర్చోబెట్టాను.

‘పైకా, కిందకా అక్కా?’

‘నా వల్ల కాదే. దింపు నన్ను.’

‘నేను ఒకసారి దిగా. మళ్ళీ దిగను.’

కిందివన్నీ పెద్ద బండలే, పడేదేం లేదు. కూర్చుని జారుతూ వెళ్ళమన్నాను. వెళ్ళింది. ఒక్కో బండకీ కొత్త పట్టుచీర చర్రుమంటుంటే పై నుంచి విన్నాను.

పైన గాలి హోరుగా ఉంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి వెనక కృష్ణ తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి. పిల్ల రాయి పెట్టి దణ్ణం పెట్టుకుంది. లేచి నా కొంగు చూసింది. అంచు మీద పసుపు మరక.

‘ఎడమవైపు బొట్టు మీరే పెట్టి తుడిచారా?’

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఐదో బొట్టు దగ్గర నుంచి గాజుల దాకా అంతా చెప్పాను. తను పిలిచినందుకే తుడిచానని కూడా చెప్పాను. అంతా విని, నా చేతిలోని పసుపు గిన్నె తీసుకుంది. పడమటి వైపు తనే ముందు దిగింది. బొట్లు పెట్టలేదు, ప్రతి రాయినీ కాలితో తట్టి చూసుకుంటూ దిగింది. నేను వెనక నడిచాను. ఆ పిల్లను తప్పు పట్టను.

గుట్ట చుట్టి తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. తోడికోడలు వెనక చిరుగు దాచుకోవడానికి చెట్టుకు వీపు ఆనించి కూర్చుంది. కాలు బెణికిందని చెప్పిందట.

‘బెణకలేదత్తయ్యా,’ అన్నాను, నలభై మందికీ వినపడేలా. ‘ఎడమకి వెళ్ళింది. నన్నెక్కడ నిలబెట్టిందో అక్కడే నిలబడింది. ఎక్కిన దారినే దిగింది.’

మా అత్తగారు నా వైపు తిరగలేదు. కొత్త కోడల్ని పిలిచింది.

‘బొట్టు ఎటుందే అమ్మా?’

ఆ పిల్ల నా కొంగు వైపు చూసింది. తుడిచిన సంగతి చెప్పిందంటే ముప్పై ఒక్క ఏళ్ళూ నాదే తప్పయి కూర్చుంటుంది.

‘కుడివైపు ఉందండి. నేను దాన్ని చూసుకునే వచ్చా.’

‘బొట్టు కుడినుంటే నువ్వు ఎడమకెందుకెళ్ళావే పెద్దదానా?’

తోడికోడలు మట్టి కేసి చూస్తూ, విసుగ్గా, తనలో తను అనుకున్నట్టు అనేసింది.

‘ఇదీ నేను చేసినట్టే చేసిందనుకున్నా.’

అన్న తర్వాత గానీ ఏమందో ఆమెకు తెలియలేదు. పులిహోర వడ్డించే గరిటె చప్పుడు ఆగిపోయింది. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో నేను చెప్పినప్పుడల్లా ‘పోనీలే’ అన్న మనిషి ఆయన. నేను ఆయన్ని కూడా చూడలేదు. ఆకు వేసుకుని కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

వైశాఖంలో నందిగామలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పసుపు దంచడానికి రోలు కడిగి, రోకలికి కంకణం కట్టారు. మా అత్తగారు పిలవకముందే నేను లేచి వెళ్ళి రోకలి అందుకున్నాను. తోడికోడలు కూడా అలవాటుగా చెయ్యి చాపింది. మూలనున్న జల్లెడ తెచ్చి ఆ చేతిలో పెట్టాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తీసుకుంది. పక్కన కూర్చుంది.

కీసర పిల్ల నా ఎదురుగా రెండో రోకలి పట్టుకుంది. ఇద్దరం మార్చి మార్చి దంచాం. నా గాజులు ఆగినప్పుడల్లా ఆ పిల్ల తల ఎత్తి చూసింది.