గుస్సా వచ్చినోళ్లే చాయ్ పొయ్యాలె

సాబ్ పోయారన్న కబురు మొన్న పొద్దున మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ గ్రూపులో ఎవరూ ఎవరినీ అపార్థం చేసుకోని మెసేజీ బహుశా అదొక్కటే. మామూలుగా ఒకరు దండం బొమ్మ పెడితే, అది తనను ఎక్కిరించడానికేనని ఇంకొకరు మొహం మాడ్చుకుంటారు. ఆ రోజు మాత్రం అందరం ఏడ్చాం. నాకింకా దుఃఖం ఆగడం లేదు.

ఆయన బోధన్‌లో మా ఆఫీసు సూపరింటెండెంటు. నిరుడే రిటైరయ్యారు. ఊరి చుట్టూ చెరుకు తోటలు, ఆఫీసులో మాత్రం ఎవరిని కదిలించినా చేదే. ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే అలక, పలకరిస్తే అనుమానం, పలకరించకపోతే పగ. ఆ సంతను నడపడానికి సాబ్ పెట్టిన కానూను ఒక్కటే. "గుస్సా వచ్చినోళ్లే అందరికి చాయ్ పొయ్యాలె. మొహం తిప్పుకొని పోస్తె చెయ్యి కాల్తది" అనేవారు. అలిగిన మనిషి కెటిల్ పట్టుకుని, గిట్టనివాళ్ల కప్పులోకి చూస్తూ నిలబడాల్సిందే. సగం తగాదాలు అక్కడే తీరిపోయేవి.

తీరనిది ఒకటి వచ్చింది. వేల్పూర్ నుంచి వచ్చే మా అకౌంటెంటును అందరం అన్న అంటాం. అతని బిడ్డకు పెండ్లి కుదిరింది. మా క్లర్కులందరికీ చేతికి కార్డు ఇచ్చి పిలిచాడు. టైపిస్టు అక్కకు మాత్రం ఆమె సీట్లో లేనప్పుడు టేబుల్ మీద పెట్టిపోయాడు. ఆ పిల్లను పరీక్షలప్పుడు తన ఇంట్లో ఉంచుకుని వండిపెట్టిన మనిషి అక్క.

"నన్నెక్కడ పిలిచిండు? టేబుల్‌ను పిలిచిండు. టేబులే పోతది పెండ్లికి" అంది. అంతటితో ఆగక, మెండోరకు బదిలీ అడుగుతానని తేల్చేసింది. నాకు భయమేసింది. అక్క పోతే ఆ ఆఫీసులో నవ్వుతూ మాట్లాడేవాళ్లే ఉండరు.

సాబ్ కెటిల్ ఆమె చేతికిచ్చారు. అక్క అందరికీ పోసి, అన్న దగ్గరికి రాగానే కెటిల్‌ను టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. మేం నవ్వు ఆపుకోలేక ఫైళ్లలో తల దూర్చాం. సాబ్ నవ్వలేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కార్డు అట్లా ఎందుకు పెట్టావని అన్నను అడిగారు.

అన్నకూ రోషమే. నేల చూస్తూ చెప్పాడు. "ఇంటోళ్లను ఆఫీసుల పిలుస్తరా సాబ్? తారీఖు తెలుస్తదని కార్డు పెట్టిన. శుక్రారం మా ఇంటామె అక్క ఇంటికి పోయి, బొట్టు పెట్టి పిలుస్తది. గింత కూడ తెలుసుకోకపాయె."

అక్క కెటిల్ అందుకుంది. కళ్లు తుడుచుకుని, అతని కప్పు నింపింది. చాయ్ చల్లారిందని అన్న మళ్లీ అలగబోయి, సాబ్ చూపు చూసి గటగటా తాగేశాడు. బదిలీ మాట మళ్లీ ఎత్తలేదు అక్క.

పెండ్లి రోజు మేం వెళ్లేసరికి సాబ్ ఇస్త్రీ షేర్వానీలో గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ల మీద పన్నీరు చల్లుతున్నారు. ఆయన్ను చూడగానే అన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. సాబ్‌కు అందరికన్నా ఆఖర్న, గదిలోకి వెళ్లి మర్యాదగా ఇద్దామనుకున్న కార్డు, ఆ రగడలో పడి ఇవ్వనే లేదు. ఆఫీసు మొత్తంలో న్యాయంగా అలగదగ్గ మనిషి ఆయనొక్కరే.

అన్న ఉరుక్కుంటూ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "సాబ్, మీకు కార్డే ఇయ్యలే."

"పొల్ల పెండ్లని నువ్వంటుంటె ఇన్న గద" అన్నారు సాబ్. అన్న మీద కూడా ఇంత పన్నీరు చల్లి, "జర పక్కకు జరుగు, మగపెండ్లోళ్లు వస్తున్రు" అన్నారు.